అత్తమ్మ ఇస్తిఖారా

"సబర్ చెయ్యి బిడ్డా. నసీబుల ఉంటే అదే ఇల్లు దేవులాడుకుంట వస్తది."

మంచం మీద వెల్లకిలా పడుకుని, ఆపరేషన్ అయిన కంట్లో చుక్కలు వేయించుకుంటూ యాకూబ్‌బీ అన్న మాట ఇది. చుక్కలు వేస్తున్నది కోడలు తాహెరా. రోజుకు ఆరుసార్లు చుక్కలు, ఆరుసార్లూ సబర్, ఓపిక పట్టమని. దవాఖానలో డాక్టరు రాసింది చుక్కలే. సబర్ మాత్రం అత్తమ్మ సొంత వైద్యం.

ఆ రోజు శుక్రవారం. పొద్దు గూకేలోపు అనసూయకు జవాబు చెప్పాలి. అనసూయ కొత్తవాడ నేత సొసైటీలో సూపర్‌వైజరు. మడికొండలో ఆడవాళ్లకు షత్రంజీ తివాచీలు నేయడం నేర్పే కేంద్రం కొత్తగా పెడుతున్నారు. నేర్పే మనిషి కావాలంటే తాహెరా పేరు చెప్పింది ఆమే. "నీ చెయ్యి నాకు తెల్వదా? సోమారం నుంచి రావాలె. ఇయ్యాల్లనే చెప్పు తాహెరా, లేకుంటే వేరేటోళ్లను తీసుకుంటరు" అని పొద్దున కూడా ఫోన్ చేసింది.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నూలు కండెలు చుట్టడం ఒక్కటే తాహెరా పని అన్నారు. రెండేళ్లకు మొగుడు అంకూస్‌కు నడుము నొప్పి పట్టుకుంది. మగ్గం మీద కూర్చోవడం కూడా ఆమె పనే అయింది. తర్వాత నడుము బాగయింది గానీ, పని ఆమె దగ్గరే ఉండిపోయింది. పూలూ నెమళ్లూ ఉన్న కష్టమైన షత్రంజీలన్నీ ఆమె చేతివే. హైదరాబాద్ నుంచి ఆఫీసర్లు చూడటానికి వచ్చిన రోజు అంకూస్ కొత్త అంగీ వేసుకుని మగ్గం మీద కూర్చున్నాడు. ఫొటోలు తీశారు. ఒక ఫొటోలో ఒక మూల చాయ్ కప్పుల పళ్లెం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కనిపిస్తాయి. ఆ నెమలిని నేసిన చేతులు అవే అని ఆఫీసర్లకు తెలియదు. అంకూస్‌కు తెలుసు. అయినా ఆ ఫొటోకు ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించాడు. రోజూ దాని మీది దుమ్ము తుడిచేది కూడా తాహెరానే.

అంకూస్ చెడ్డవాడేమీ కాదు. చెయ్యెత్తడు, తాగడు. ఏ పనీ వద్దనడు కూడా. "నేను ఒద్దంటాన్ననా? అమ్మ ఇస్తిఖారా చేస్తది. అల్లా ఏది చూపిస్తే అది" అంటాడు. ఏదైనా పని తలపెట్టే ముందు రెండు రకాతుల నమాజు చదివి, మంచి ఏదో నువ్వే చూపమని అల్లాను అడగడమే ఇస్తిఖారా. ఆ ఇంట్లో అడిగే బాధ్యత యాకూబ్‌బీది. నమాజు చదివి పడుకుంటుంది, లేచి కల చెబుతుంది. తాహెరా ఇంటర్ చదువుతానన్నప్పుడు అత్తమ్మ కలలో నల్ల మేక బాయిలో పడింది. వీధి వైపు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంటానన్నప్పుడు పాము కనిపించింది. తల్లికి ఒంట్లో బాగాలేదు, నెల రోజులు పోయి ఉండి వస్తానంటే తలుపులకు తాళం పడింది. అంకూస్ బండి కొన్నప్పుడు మాత్రం ఎవరికీ ఏ కలా రాలేదు. అప్పుడు ఇస్తిఖారా సంగతే ఎవరికీ గుర్తు రాలేదు మరి.

తాహెరాకు కోపం రాలేదని కాదు. వచ్చింది. కానీ అల్లా పేరు అడ్డం పెట్టినచోట కోపపడటానికి ఆమెకు భయం. నసీబు మీద కోపపడితే ఈమాను, అంటే విశ్వాసమే, పోతుందని చిన్నప్పటి నుంచి విన్నది. అందుకే ప్రతిసారీ కోపాన్ని మింగింది. దాన్నే అందరూ సబర్ అన్నారు, మెచ్చుకున్నారు కూడా.

అంకూస్ జుమా నమాజుకు మసీదుకు పోయాడు. యాకూబ్‌బీ కుర్చీలో కూర్చునే రెండు రకాతులు చదివి, దువా పుస్తకం తీయమంది. చూపు ఇంకా నిలవలేదు, అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

"నువ్వు సదువు బిడ్డా, నీ ఎంబడి నేనంట. కింద తెలుగుల రాసింది గూడ సదువు. సవాబు ఎక్కువొస్తది, అల్లా దగ్గర మంచి జమైతది."

తన మీదికి రాబోయే తీర్పుకు తానే అర్జీ చదవాల్సి వచ్చిందని తాహెరాకు నవ్వొచ్చింది. చదివింది. అరబ్బీ మాటలు అయ్యాక కింది అర్థానికి వచ్చింది. "ఓ అల్లా, ఈ పని..." అని ఆగింది. అక్కడ పని పేరు తలుచుకోవాలని పుస్తకంలో ఉంది.

"మా కోడలు మడికొండ పోయే పని" అంది యాకూబ్‌బీ.

"...నా దీనుకు, నా బతుకుకు మంచిదైతే నాకు రాసిపెట్టు."

"నా దీనుకు, నా బతుకుకు మంచిదైతే..." యాకూబ్‌బీ కళ్లు మూసుకుని, మనసు పెట్టి అంటోంది.

తాహెరా వేలు ఆ వరుస మీదే ఆగిపోయింది. దీను అంటే ధర్మం, అది సరే. ఎవరి బతుకు? పధ్నాలుగేళ్లుగా ఈ ముసలామె తన బతుకు గురించే అడుగుతోంది. నిజాయితీగానే అడుగుతోంది. కోడలు గడప దాటితే తన బతుకుకు మంచిదా అంటే, అల్లా మాత్రం ఏం చెబుతాడు? మేక బాయిలో పడకుండా ఎలా ఉంటుంది? తాహెరాకు అత్తమ్మ మీద ఉన్న అనుమానం ఒక్కసారిగా తీరిపోయింది. అత్తమ్మ కలలు అబద్ధాలు కావు. అడిగినవాళ్లకే జవాబు వచ్చింది. తానెన్నడూ అడగలేదు.

మిగిలిన వరుసలూ చదివింది. సులువు చెయ్యి, బర్కత్ ఇచ్చి వృద్ధి చెయ్యి, చెడ్డదైతే నా నుంచి మళ్లించు, మంచి ఎక్కడుంటే అది నాకు రాయి. అన్నిటికన్నా చివర, దానితో నన్ను రాజీ చెయ్యి.

యాకూబ్‌బీ ఆమీన్ అని, దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆమెకు పగటి నిద్రలోనే కలలు బాగా వస్తాయి. తాహెరా చేతులూ మొహం కాళ్లూ కడుక్కుని వజూ చేసుకుని, ఆ మంచం పక్కనే చాప పరిచింది. రెండు రకాతులు చదివి అదే దువా మళ్లీ చదివింది. పని పేరు చెప్పాల్సిన చోట "నేను మడికొండ పోయే పని" అంది. ఇరవై మంది ముందు నిలబడి నేర్పగలదా? చేతకాక తిరిగొస్తే? ఆ భయాన్నీ అక్కడే చెప్పుకుంది. రాజీ పడటం దువాలో చిట్టచివరి మాట. ఇన్నేళ్లూ తనను ఆ చివరి మాట దగ్గరే మొదలుపెట్టమన్నారు. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. నుదురు చాపకు ఆనించి సజ్దాలో కాసేపు ఏడ్చింది.

కల కోసం ఆమె ఎదురుచూడలేదు. పగలు పడుకునే తీరిక ఆమెకు ఎన్నడుంది గనక! లేచి, చాప మడిచి, అనసూయకు ఫోన్ చేసింది. తర్వాత బియ్యం కడిగింది.

అంకూస్ మసీదు నుంచి వచ్చేసరికి యాకూబ్‌బీ లేచి కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది.

"కల మంచిగ లేదు కొడుకా. ఇంట్ల పొయ్యి సల్లగున్నది. నేను నీళ్లు, నీళ్లని పిలుస్తాన్న, ఒక్కలు పలుకుతలేరు."

అంకూస్ టోపీ తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "ఇగ ఏం జేస్తం తాహెరా. నీ నసీబుల లేదు."

"అనసూయక్కకు ఫోన్ చేసిన" అంది తాహెరా, అన్నం వడ్డిస్తూ. "సోమారం నుంచి వస్తానని చెప్పిన."

"ఎప్పుడు చేసినవ్?"

"నమాజు చదివినంక. నేను గూడ ఇస్తిఖారా చేసుకున్న."

"రేపు అక్కడ ఏమన్న అయితే?"

"అయితే, అప్పుడు సబర్ చేస్త. ఇన్నొద్దులు పోకుండ చేసిన. ఇప్పుడు పోయి చేస్త."

అంకూస్ కంచం మీంచి చెయ్యి తీశాడు. తల్లి వైపు చూశాడు. యాకూబ్‌బీ నల్ల కళ్లద్దాలు తీసి, ఒక కంటితో కోడలిని వెతికింది.

"మరి నాకొచ్చిన కల? అబద్ధమా బిడ్డా?"

తాహెరా వెళ్లి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. ముడతలు పడిన ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"అబద్ధం కాదత్తమ్మా, నిజమే. కానీ అది మీకొచ్చింది గదా. మడికొండకు మీరు పోకుండ్రి."