కుడి చెంప మీద గాలి

మూడు రోజులకు సరిపడా దోసెల పిండి రుబ్బి, పప్పుల పొడి కొట్టి, డబ్బాలన్నిటికీ పేర్లు రాసి అంటించాక గానీ ఫ్లోరా మదనపల్లెలో బస్సెక్కలేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా భర్త నతానియేలుకు ఉప్పెక్కడుంటుందో తెలియదు. సముద్రంలో పడవ పందానికి పోతున్నానంటే మాత్రం అన్నీ తెలిసినట్టు నవ్వాడు. టమోటా మార్కెట్లో చెబితే జనం పడీ పడీ నవ్వుతారన్నాడు. మద్రాసు కాలేజీలో ఎన్‌సీసీ నేవీ విభాగంలో తెరచాప పడవ నడిపి ఫ్లోరా తెచ్చుకున్న పతకం ఏదని ఓసారి అడిగితే, ఇప్పుడెందుకది అన్నారు అత్తగారు. ఫ్లోరా మళ్లీ అడగలేదు.

పందెం పడవ ఆ కాలేజీనాటి స్నేహితురాలిది. ముగ్గురు ఆడవాళ్లు చెన్నైలో సాయంత్రం బయలుదేరి, ఇంజను వేయకుండా ఉదయం పదిలోగా పుదుచ్చేరి చేరాలి. మిగతా ఇద్దరూ ఫ్లోరా వ్యాయామం నేర్పే బడివాళ్లే. పుంగనూరు హుమా కుట్టు నేర్పుతుంది, రామకుప్పం మునీశ్వరి హాస్టల్లో వండుతుంది. వాళ్లకు రెండు శనివారాల శిక్షణే గతి. ఈసారి మధ్యలో ఇంజను వేస్తే, ఇక బతుకులో తనకంటూ ఏదీ అడగనని ఫ్లోరాకు తెలుసు.

గాలికి తెరచాప నిండగానే పడవ ఒక్క ఊపున ముందుకు దూకింది. హుమా తాడు పట్టుకుని కేరింతలు కొట్టింది. ఫ్లోరాకు ఒళ్లంతా పులకరించింది. ఇంత సంతోషం ఇన్నాళ్లూ యాడ దాక్కుందని తన మీద తనకే కోపమొచ్చింది.

అర్ధరాత్రి దాటాక గాలి పడిపోయింది. చాప వేలాడింది.

"యాడికి పోవల్లక్కా?" అని అడిగింది హుమా.

ఫ్లోరా అలవాటుగా వెనక్కి తిరిగింది. చీర కొనాలన్నా, సెలవు పెట్టాలన్నా ఆయన్నడిగి చెబుతానంటూ తిరిగే మెడ అది. వెనక నీళ్లు తప్ప ఎవరూ లేరు. ఆమెకు నవ్వొచ్చింది. ఒడ్డుకు దగ్గరైతే నేల మీంచి గాలి వీస్తుంది, కానీ వలలూ చేపల పడవలూ ఉంటాయి. అయినా మిగిలిన కాస్త గాలితో అటే పోదామంది.

కాసేపటికి ముందు కూర్చున్న మునీశ్వరికి ఏదో నల్లగా కనబడింది. తమ ఊళ్లో రాత్రి చేలో ఏనుగు పడితే ఏం చేస్తారో అదే చేసింది. అరుస్తూ పెద్ద టార్చి వేసి నలుదిక్కులా తిప్పింది. అది దీపం లేని చేపల పడవ. ఫ్లోరా చుక్కాని తిప్పి తప్పించింది గానీ, ఆ వెలుగు కళ్లలో కొట్టి ఇక ఏమీ కనబడలేదు. బుద్ధుందా నీకు అన్న మాట నాలిక చివరికొచ్చింది. అది నతానియేలు మాట. మింగేసింది.

"బాగా సూసినావు మునీశ్వరీ. ఈసారి ముందరికి మాత్రమే వెయ్యి," అంది.

ఫ్లోరా కళ్లు మూసుకుంది. కుడి చెంప చల్లబడింది. ఒడ్డు గాలి! ఆ చల్లదనాన్ని చెంప మీంచి జారనీయకుండా చుక్కాని పట్టింది. పడవ మళ్లీ ఊపందుకుంది.

తొమ్మిదిన్నరకు పుదుచ్చేరిలో పందెం ముగిసే గీత కనబడింది. పక్కనే ఇంకో పడవ పోటీగా వస్తోంది. అప్పుడు ఫ్లోరా ఫోను మోగింది. హుమా తీసి ఫ్లోరా చెవి దగ్గర పెట్టింది. నతానియేలు తన అక్కావాళ్లు బి.కొత్తకోట నుంచి వచ్చారనీ, మధ్యాహ్నానికి వంటెవరు చేస్తారనీ అడిగాడు.

"నా చేతులు ఖాళీ లేవు. మీరే వండి పెట్టండి," అంది ఫ్లోరా. "ఫోను తియ్యి హుమా, తాడు లాగు."