కెమెరా లోపలి పేరు

"కొంగుతోని తుడువకు, గీతలు పడ్తయి" అన్నాడు పరుశురాం, టీ గ్లాసులోంచి తల ఎత్తకుండానే.

పదకొండేళ్లుగా ప్రతి పెళ్లి మర్నాడూ అతని కెమెరా తుడుస్తున్నది విజయరాణి. ఒక్కనాడు కూడా కొంగుతో తుడవలేదు. అయినా ఆ మాట అతను అనడం మానలేదు, ఆమె వినడం మానలేదు. బటన్ల సందుల్లో ఇరుక్కున్న తలంబ్రాల గింజలను అగ్గిపుల్లతో తీయాలి. బ్యాటరీలు చార్జింగ్‌కు పెట్టాలి. మూడు నాలుగు వేల ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, కళ్లు మూసుకున్న పెళ్లికొడుకులను ఏరి పారేసి, నల్లగా వచ్చిన మేనత్తలను కాస్త తెల్లగా చేసి ఆల్బం కూర్చాలి. మధ్యలో బియ్యం కడగాలి. గుజరాత్‌కు వలసొచ్చి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలుగువాళ్లున్న లింబాయత్ పేటలో పరుశురాం ఫోటో స్టూడియో అంటే తెలియనివాళ్లు లేరు. బోర్డు మీద అతని పేరుంది, పక్కన అతని నవ్వు ముఖం ఉంది. మీ ఆమె ఏం చేస్తది అని ఎవరైనా అడిగితే "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది" అంటాడు. అదీ నిజమే. స్టూడియో కింద, ఇల్లు పైన. ఆమె రోజుకు ముప్పైసార్లు మెట్లెక్కి దిగుతూ ఇంట్లోనే ఉంటుంది.

ఆ లకుముకి పిట్ట కనబడకపోతే ఇంకో పదకొండేళ్లూ అలాగే ఉండేదేమో. రెండేళ్ల కింద కామ్‌రేజ్ దగ్గర, తాపీ నది ఒడ్డున, పెళ్లి కాబోయే జంటకు ఫోటోలు తీస్తున్నారు. వాళ్ల ముఖాల మీదికి ఎండ మళ్లించే తెల్ల అట్ట పట్టుకుని నిలబడడం ఆమె పని. జంట బట్టలు మార్చుకోవడానికి కారెక్కింది, పరుశురాం కెమెరా సంచి మీద పెట్టి ఫోనులో పడ్డాడు. అప్పుడు చూసింది. నలుపు తెలుపుల పిట్ట ఒకటి నది మీద, గాలిలో, ఉన్నచోటే రెక్కలు కొట్టుకుంటూ నిలబడి ఉంది. ఆమె అట్ట కింద పడేసి కెమెరా అందుకుంది. పిట్ట తలకిందులుగా దూకింది. తీసిన పదకొండింట్లో పది మసక. ఒక్కదాంట్లో మాత్రం ముక్కు కొన నీటిని తాకుతోంది, నల్లటి కన్ను మెరుస్తోంది. ఇది నాది అనుకుంది విజయరాణి. పెళ్లయ్యాక ఏ వస్తువు గురించీ ఆమె అలా అనుకోలేదు. ఆ ఒక్కదాన్నే మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూసుకుంది.

ఆ ఫోటోను పరుశురామే ఒక పక్షి ప్రేమికుల సంఘం పోటీకి పంపాడు. రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ మీద అతని పేరే వచ్చింది.

"నేను దీసిన ఫోటో గదా" అంది ఆమె.

"కెమెరా ఎవరిదైతే ఫోటో వాళ్లదే. అయినా లోపల ఎవరి పేరున్నదో చూస్కో."

లోపల ఉన్న మాట నిజమే. కెమెరాలో ఒకసారి యజమాని పేరు రాసిపెడితే, ఆ తర్వాత తీసే ప్రతి ఫోటో ఆ పేరును కడుపులో పెట్టుకునే పుడుతుంది. ఆ పేరు రాసింది ఎవరు? విజయరాణే. కెమెరా కొన్న రోజు, ఆ మెనూలన్నీ చూసే ఓపిక తనకు లేదని అతనంటే, తానే కూర్చుని అతని పేరు ఒక్కో అక్షరం నొక్కి, తప్పు పోయిందేమోనని మూడుసార్లు చూసుకుంది. తన చేత్తోనే. దానికి ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

"మొగనికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదానె బిడ్డా" అంది అత్త చిన్నవ్వ. అంత సులువైతే నా పేరు రాపిస్తే ఆయనకొచ్చినట్టు కాదా అత్తా అని నోటిదాకా వచ్చింది. పొయ్యి మీద పోపు మాడుతుంటే అటు పరుగెత్తింది. ఆ సర్టిఫికెట్ స్టూడియో గోడకెక్కింది. దాని మీది దుమ్ము కూడా ఆమే తుడవాలి.

ఆ నెల నుంచే పక్క ఊరు కడోదరాలో ఇద్దరు ఫోటోగ్రాఫర్ల ఆల్బంలు కూర్చే పని ఒప్పుకుంది. వాళ్లిచ్చిన డబ్బు తన బ్యాంకు ఖాతాలోనే వేసుకుంది. రెండేళ్లకు, తనకో కెమెరా కొంటానని బయటపెట్టిన రోజు పరుశురాం ముందు నవ్వాడు, తర్వాత సలహాలు మొదలుపెట్టాడు. "కొంటే నా కెమెరా కంపెనీదే కొను, నా పాత లెన్సులు దానికి పడ్తయి. పెద్ద సెన్సరున్నది తీస్కో, పెళ్లిళ్లకు మస్తుంటది. పిట్టలకు ఏదైతేంది? గంత లెన్సు నువ్వు మోస్తవా?" కెమెరా ఆమెది, లెన్సులు అతనివి, పెళ్లిళ్లూ అతనివే. రోజూ కింది నుంచి పైకి నీళ్ల క్యాన్లు మోసే చేతులను ఒకసారి చూసుకుంది విజయరాణి.

దుకాణంలో గుజరాతీ సేటు ఆమెను చూసి "బెన్, భాయ్‌ను తీసుకురండి, అన్నీ చెప్తాను" అన్నాడు హిందీలో. బెన్ అంటే చెల్లెలు, భాయ్ అంటే ఆమె మొగుడు. భాయ్ రాడని తేలాక ఒక హెచ్చరిక చేశాడు. ఒక కంపెనీ కెమెరా కొన్నారంటే ఇక దానికి ఆ కంపెనీ లెన్సులే అమరుతాయి, మధ్యలో మారాలంటే అన్నీ వదులుకోవాలి, బాగా ఆలోచించుకోండి అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. పెళ్లి చేసేటప్పుడు ఇంత మంచి మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆలోచించుకుంది. తన మెమరీ కార్డు వేసి, మూడు కంపెనీల మిర్రర్‌లెస్ కెమెరాలతో దుకాణం ముందు తీగల మీది పావురాలను తీసింది. ఇంటికొచ్చి నాలుగింతలు పెద్దవి చేసి ఈకలు చూసింది, నీడల్లో మచ్చలు వెతికింది. లక్షల ముఖాలు శుభ్రం చేసిన కళ్లు అవి. జీతం లేని పనే అయినా చదువు చెప్పింది, ఆ ఇంట్లో ఎవరికీ రాని చదువు. కెమెరా లోపల వెలుతురును పట్టే సెన్సరు పెద్దదైతే మసకలో మేలు, ఒప్పుకుంది. కానీ దానితో దూరపు పిట్ట అందాలంటే లెన్సు మరీ బరువవుతుంది. చిన్న సెన్సరుతో పిట్ట దగ్గరికొస్తుంది, బరువు తగ్గుతుంది. ఒక కెమెరా ఎంచుకుంది, దానికి పిట్టలను తీసే పెద్ద లెన్సొకటి. ఆ కెమెరా అతని కంపెనీది కాదు. లోపల అద్దం లేదు కాబట్టి టప్పున కొట్టుకునే చప్పుడు లేదు, పిట్ట బెదరదు. పిట్ట కన్నును అదే వెతికి పట్టుకుంటుంది. బటన్ నొక్కడానికి అర సెకను ముందు జరిగినదాన్ని కూడా దాచిపెడుతుంది. ఆమె ఆలస్యాన్ని ఆ ఇంట్లో మొదటిసారి మన్నించింది ఆ కెమెరానే.

కొన్న రోజు వంటింటి గట్టు మీద కూర్చుని మెనూలోకి వెళ్లి పేరు రాసింది. ఇంటిపేరు దగ్గర ఆగింది. పుట్టింటిదా, అత్తింటిదా? ఏదీ వద్దనిపించింది. ఉత్త విజయరాణి అని రాసి మూసేసింది. పరుశురాం నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండగలదో ఆమెకు అప్పుడే తెలిసింది.

ఐదోనాడు అతని కెమెరా షట్టరు పట్టేసింది. మర్నాడే కడోదరాలో పెద్ద పెళ్లి. "జర నీ కెమెరా ఇయ్యి" అన్నాడు గుమ్మంలో నిలబడి. ఆమె పిట్టల లెన్సు విప్పి దాచుకుని, కెమెరాతో పాటొచ్చిన చిన్న లెన్సు బిగించి ఇచ్చింది. "తువ్వాలతోని తుడువకు, గీతలు పడ్తయి" అంది. అతను కెమెరాను సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు.

పెళ్లి మర్నాడు పొద్దున స్టూడియోలో కంప్యూటర్ ముందు ఆమె, వెనక అతను. ఒక ఫోటో దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. తలంబ్రాలు ఇంకా గాలిలోనే ఉన్నాయి, వాటి మధ్య పెళ్లికూతురు పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. మంచి ఫోటో. విజయరాణి ఆ మాటే అంది. అతని ముఖం వెలిగింది.

"పెళ్లి ఫోటోల పోటీ ఉన్నది, పంపుదాం" అంటూ ముందుకు వంగిన అతను, ఫోటో వివరాల దగ్గర ఆగాడు. "ఏందిది, నీ పేరున్నది? దీసింది నేను గదా."

ఆమె అనాల్సిన మాట రెండేళ్ల కిందే అతను అనేశాడు. అది అతనికీ గుర్తొచ్చినట్టుంది, చూపు గోడ మీది సర్టిఫికెట్ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. చీపురు పట్టుకుని వచ్చిన చిన్నవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మార్చు విజయా. నీకు ఒక్క నిమిషం పని గదా."

ఒక్క నిమిషం కూడా పట్టదు. వేళ్లు అలవాటుగా కీబోర్డు మీదికి పోయాయి. వాటిని ఆమె వెనక్కి తీసుకుంది. లేచి కెమెరా అందుకుని చిన్న లెన్సు తీసి పెద్ద లెన్సు బిగించింది, పట్టీ మెడలో వేసుకుంది, మేకుకున్న స్కూటీ తాళాలు తీసుకుంది. కామ్‌రేజ్ చేరేసరికి నది మీద వెలుతురు బాగుంటుంది.

"మారుస్త" అంది విజయరాణి. "ముందుగాల గా గోడ మీద ఉన్నదాని మీద నా పేరు రాపిచ్చుకరా. గాడ నా పేరెక్కిన్నాడు, గీడ నీ పేరెక్కుతది."