ఖాళీ గది మీద జాతీయ చర్చ

ఒక జాతికి ఎన్ని నోళ్ళున్నా చెవి మాత్రం ఒక్కటే ఉండాలని పూర్వం ఏ మహానుభావుడు తీర్మానించాడో గానీ, ఆ చెవిని జాతీయ రేడియో భవనంలో, నీళ్ళ ట్యాంకు కింద, సదా చెమ్మ వాసన వేసే ఒక గదిలో ప్రతిష్ఠించారు. కార్యక్రమం పేరు "మీ మాట, మా చెవి". రోజూ పొద్దున్న ఫోన్లలోంచి దేశం తన బాధలన్నీ ఆ చెవిలో పోసేది. యుద్ధమూ శాంతీ, బస్సుల ఆలస్యమూ, పక్కింటివాళ్ళ కుక్కా, అన్నిటికీ అక్కడ సమాన గౌరవం.

రోజూ అనడం మర్యాద కోసం. కొన్ని రోజులు దేశానికి చెప్పవలసిందేమీ ఉండేది కాదు. ఫోన్లు మూగనోము పట్టేవి. అలాంటి కరువు కాలానికని ఆ కార్యాలయంలో ఒక ఆచారం పుట్టింది. సిబ్బందిలోనే ఎవరో ఒకరు పక్క గదిలోంచి ఫోన్ చేసి, శ్రోత అవతారమెత్తి, ప్రభుత్వాన్ని దుయ్యబట్టో వెనకేసుకొచ్చో కాసేపు కథ నడిపించేవారు. దీన్ని కాగితం మీద ఏమీ అనేవారు కారు. నోటితో "అరువు గొంతు" అనేవారు.

అరువు గొంతుల సామ్రాజ్యానికి ఏకైక చక్రవర్తి ఉరుముల మేస్త్రి.

ఆయన అసలు వృత్తి రేడియో నాటకాలకు శబ్దాలు పుట్టించడం. రేకు ఊపితే ఉరుము, పళ్ళెంలో బఠాణీలు దొర్లిస్తే వాన, కొబ్బరిచిప్పలు తాటిస్తే అశ్వికదళం. ఆయన మోచేతి కింద కూలిన రాజ్యాలకు లెక్క లేదు. నాటకాల విభాగం మూతపడ్డాక, ఉరుములతో ప్రజాస్వామ్యానికి పని లేదు గనక, మేస్త్రిని ఆయన రేకుతో సహా చెవి పక్కనున్న గదిలోకి సర్దారు. అక్కడ ఆయన గొంతులో చాలామంది పౌరులు కాపురం పెట్టారు. అందరిలోకీ అగ్రగణ్యుడు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆ మాస్టారికి దేశమంతటా అభిమానులు. ఒకసారి పెళ్ళి సంబంధం కూడా వచ్చింది. కార్యక్రమం తరఫున మర్యాదగా కాదన్నారు.

ఇంత మంది కాపురమున్న ఆ నోటికి ఇంట్లో మాత్రం సెలవు.

కూతురు పోయినప్పటి నుంచీ అంతే. మామూలు జ్వరమే అనుకున్నారు. డాక్టరు కూడా అలాగే అనుకున్నాడు. జ్వరం ఒక్కటే వేరుగా అనుకుంది. తరవాత మేస్త్రి ఏడుస్తాడని అందరూ ఎదురుచూశారు. బంధువులు ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని మరీ కూర్చున్నారు. ఆయన వాళ్ళను నిరాశపరిచాడు. దంతవైద్యుడు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో ఆయనకు లోపలంతా అలా ఉంది: తడిమితే తగులుతుంది, తనదేనని తెలుస్తుంది, కానీ ఎవరిదో పక్కవాడిదిలా ఉంటుంది. ఆయన చేసిన పనల్లా కూతురి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవడం. దాన్ని మళ్ళీ బయటికి తీసింది లేదు, ప్యాంటు మార్చేటప్పుడు తప్ప.

ఆయన భార్య పరదాలు కుడుతుంది. వచ్చిన పరదాలన్నీ నడవలో, కుట్టుమిషను చుట్టూ, కుర్చీల మీదా, రేడియో మీదా గుట్టలుగా పడుండేవి. ఊళ్ళోవాళ్ళ కిటికీలన్నీ ఆ ఇంట్లోనే విడిది చేసినట్టుండేది.

ఆ రోజు పొద్దున్న ఆవిడ మిషను ఆపి అంది:

"సాయంత్రం ఒకావిడ వస్తోందండీ, గది చూడ్డానికి. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుందిట. ఒంటరి మనిషి. తాళంచెవి ఇచ్చి వెళ్ళండి."

మేస్త్రి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

"ఇవ్వనంటే ఇవ్వనని అనండి. పోట్లాడుకుందాం. పోట్లాడుకుని కూడా ఎన్నాళ్ళయిందో."

ఆయన రెండో బూటు అందుకున్నాడు.

"గోడతో మాట్లాడినా కాస్త సున్నమన్నా రాలుతుంది," అందావిడ, దారం కొరుకుతూ. "తాళం పగలగొట్టించడం నాకు తెలీక కాదు. కానీ పగలగొట్టించను. మీరు వేశారు, మీరే తియ్యాలి. ఇవాళ చూపించకపోతే ఆవిడ ఇంకోచోట చేరిపోతుంది. నేను మళ్ళీ ఇంకొకర్ని వెతకను. ఈ నడవలోనే నా మానాన నేను కుట్టుకుంటూ కూచుంటాను, మీ మానాన మీరు బూట్లు కట్టుకుంటూ కూచోండి. ఇంతే ఇంక."

ఇంతే ఇంక అన్న మాటను ఆవిడ కోపంగా అనలేదు. కొలత చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి లేచి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు. ఎన్నో కోటల తలుపులు దడేలుమనిపించిన మనిషి. తాళంచెవి దారి పొడుగునా తొడకు తగులుతూనే ఉంది.

కార్యక్రమంలో ఆ రోజు విషయం: ఖాళీ గదుల మీద పన్ను. నగరాల్లో అద్దె ఇళ్ళు దొరకడం లేదు గనక, ఇంట్లో వాడని గది ఉన్నవాళ్ళు దాన్ని అద్దెకివ్వాలి, లేదా పన్ను కట్టాలి అన్న ఆలోచనలో ప్రభుత్వం ఉందట. మీరేమంటారని జాతిని అడిగారు. జాతి ఏమీ అనలేదు. తన ఇంట్లో ఖాళీ గది ఉందని ప్రభుత్వ రేడియోకే ఫోన్ చేసి చెప్పుకునేంత అమాయకత్వం ఆ జాతికి లేదు.

ప్రొడ్యూసరమ్మ చెప్పులు టపటపలాడించుకుంటూ పక్క గదిలోకి వచ్చింది.

"మేస్త్రిగారూ, ఒక్క లైనూ వెలగటం లేదు. మాస్టార్ని లేపండి."

"ఏ పక్షం?" అన్నాడు మేస్త్రి. ఆఫీసులో ఆయన మాట్లాడే మాటల్లో సగం ఇవే.

"పన్ను వద్దనండి. గట్టిగా అనండి. మొన్న రోడ్ల విషయంలో మరీ మెత్తబడిపోయారు, మా అత్తగారు కూడా అన్నారు."

మేస్త్రి గోరువెచ్చని నీళ్ళు గుక్కెడు తాగి, వెన్ను నిటారు చేసి, గడ్డం కాస్త పైకెత్తాడు. మాస్టారు వేంచేశారు.

అద్దానికి అవతల వ్యాఖ్యాత కూర్చున్నాడు. దేశం ఆయన్ని తేనెగొంతు అని పిలుచుకుంటుంది. ఫోనులో అవతలివాళ్ళు మాట్లాడినంతసేపూ బిస్కెట్లు తింటాడని దేశానికి తెలియదు.

"నాయనా," అన్నారు మాస్టారు, "ఖాళీ, ఖాళీ అంటున్నారు. అసలు ఖాళీ అంటే ఏమిటి? పుస్తకంలో పేజీ పక్కన మార్జిను వదులుతాం. అక్కడ అక్షరం లేదు కాబట్టి ఆ జాగా వృథా అంటామా? రేపు దాని మీద కూడా పన్ను వేస్తామా? ఇంటికీ ఒక మార్జిను ఉండాలయ్యా. గదిని ఖాళీగా ఉంచుకోవడం పౌరుడి జన్మహక్కు!"

"ఆహా," అంది తేనెగొంతు, బిస్కెట్టు పక్కకు నెట్టి. అంతలో ప్రొడ్యూసరమ్మ అద్దం వెనక నుంచి రెండు చేతులూ ఊపింది. ఒక లైను వెలిగింది. "మాస్టారూ, అలాగే ఉండండి. మీతోనే మాట్లాడాలని ఒక శ్రోత పట్టుబడుతున్నారు. చెప్పండమ్మా!"

ముందు గొంతు వినిపించలేదు. శబ్దాల మనిషి గనక మేస్త్రికి వెనకున్నదే ముందు వినిపించింది: కారుతున్న కుళాయి, దాని కింద గిన్నె, చుక్కకీ చుక్కకీ మధ్య ఆ ఎడం. ఆ కుళాయి బాగుచేయించమని ఇంట్లో ఆవిడ చెప్పి చెప్పి మానేసింది.

"నమస్కారమండీ. నేను పరదాలు కుడతాను. పన్నుల సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో ఒక గది ఉంది. అద్దెకిద్దామని నేనంటాను. మా ఆయన ఏమీ అనరు."

"ఏమీ అనరంటే, ఒప్పుకోరా అమ్మా?"

"ఒప్పుకోననరు. ఒప్పుకుంటాననరు. ఉప్పు ఎక్కువైందనరు, తక్కువైందనరు. తాళం వేసి చెవి జేబులో పెట్టుకుని తిరుగుతారు."

తేనెగొంతు హాయిగా నవ్వింది. "దేశంలో సగం మంది భర్తలు అంతే కదమ్మా!"

"అయ్యుండొచ్చు బాబూ. నేను మిగతావాళ్ళింట్లో ఉండను కదా."

"ఇంతకీ ఎవరి గదమ్మా అది?"

"మా అమ్మాయిది."

"పెళ్ళి చేసి పంపించేశారా ఏమిటి?"

"లేదు. పోయింది."

బిస్కెట్టు తేనెకు అడ్డం పడింది. వ్యాఖ్యాత దగ్గు ఆపుకుంటూ నీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడు. ఆవిడ ఎవరి కోసమూ ఆగలేదు.

"మాస్టారూ, నేను మిమ్మల్ని అడుగుదామనే చేశాను. మీరు రోడ్లకి చెప్పారు, పరీక్షలకి చెప్పారు, కుక్కలకి కూడా చెప్పారు. సాయంత్రం ఒకావిడ వస్తోంది. గది చూపించనా, వద్దా? మీరే చెప్పండి."

రేడియోలో పాతకాలు చాలా ఉన్నాయి గానీ మహాపాతకం ఒక్కటే: నిశ్శబ్దం. మాట ఆగి కాస్త ఆలస్యమైతే గోడ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే ఎవరూ నొక్కకుండానే, దేశం చచ్చిపోలేదని దేశానికి నచ్చజెప్పడానికి, ఒక పిల్లనగ్రోవి మోగడం మొదలుపెడుతుంది. పెళ్ళయిన కొత్తలో మేస్త్రి ఈ సంగతి భార్యకు నవ్వుతూ చెప్పాడు. మా ఆఫీసులో ఎవడికైనా ప్రాణం ఆగితే ఆగనిస్తారు గానీ మాట ఆగనివ్వరే, అన్నాడు. ఆవిడ మరిచిపోలేదు. ఇంట్లో ఎంతసేపైనా ఊరుకోగల మనిషి ఈ భూమ్మీద ఊరుకోవడానికి వీల్లేని చోటు ఒక్కటే ఉందని వెతుక్కుని, ఆ చోటికే ఫోన్ చేసింది.

ఎర్ర దీపం వెలిగింది. ప్రొడ్యూసరమ్మ అద్దం మీద వేళ్ళతో కొట్టింది. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి తాళంచెవిని పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది. అంతకు మించి ఆయనకేమీ అనిపించలేదు.

"అమ్మా," అన్నారు మాస్టారు. "ఆ గదిలో ఏముంది?"

"చూసి చాలా రోజులైంది మాస్టారూ. మంచం ఉండాలి. తడి గొడుగు ఆరబెట్టింది, కిటికీ దగ్గర. ఎవరన్నా మడిచారో లేదో."

"ఆరిపోయుంటుంది."

"ఆరిపోయుంటుంది లెండి."

అవతల కుళాయి ఒక చుక్క వదిలింది. దాన్నీ దేశం విన్నది.

"చూపించండమ్మా," అన్నారు మాస్టారు.

"మరి మీ మార్జినో?"

"అది ఎంత వదలాలో నేను పిల్లలకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదమ్మా."

"సరే. మా ఆయనకి కూడా మీరే చెప్పండి. నేను చెబితే వినరు."

"విన్నారనే అనుకోండి."

"ఉంటానండీ," అని ఆవిడ పెట్టేసింది.

తేనెగొంతు తేరుకుని, ఇదీ ప్రజాస్వామ్యమంటే, ఇదీ మన కార్యక్రమమంటే, అని ఉపన్యాసం అందుకుంది. ఈలోగా లైన్లన్నీ వెలిగాయి. మాస్టారు నడిమధ్యలో పక్షం ఫిరాయించారని దేశం మండిపడుతోంది. కార్యక్రమం ముగిశాక ప్రొడ్యూసరమ్మ మెరిసే కళ్ళతో వచ్చింది.

"వద్దనమంటే చూపించమన్నారేంటండీ? పోన్లెండి, పండింది. ఇంతకీ ఆవిడెవరు? మీరే ఏర్పాటు చేసుకున్నారా? లెక్కల విభాగంలో కొత్తగా చేరినావిడా?"

మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆ గదిలో చాలా ఏళ్ళు పనిచేసినవాళ్ళకు మనిషి నిజంగా ఫోన్ చేస్తాడని నమ్మకం పోతుంది. అది వాళ్ళ తప్పు కాదు.

"బాగా చేసింది," అంది ప్రొడ్యూసరమ్మ. "కానీ ఆ 'పోయింది' అన్న చోట మరీ చప్పగా అనేసింది. కాస్త గొంతు వణికించమనండి ఈసారి."

"చెబుతాను," అన్నాడు మేస్త్రి.

సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి కళ్ళజోళ్ళావిడ నడవలో పరదాల గుట్టల మధ్య చెప్పులు విడిచి, పాదాలు నొక్కుకుంటూ కూర్చునుంది. నడి వయసు. పగలంతా నిలబడే ఉద్యోగమని ఆ పాదాలే చెబుతున్నాయి. భార్య మిషను తొక్కుతోంది. ఆయన రాగానే ఆపింది గానీ తల ఎత్తలేదు. రేడియో మీద పరదా కప్పి ఉంది.

మేస్త్రి జేబులోంచి తాళంచెవి తీశాడు. తాళం కాసేపు బెట్టు చేసి, వచ్చింది.

గదిలో దుమ్ము వాసన తప్ప మరేమీ లేదు. ఆయన ఏదో ఉంటుందనుకున్నాడు, తన మీద పడుతుందనుకున్నాడు. మంచం మంచంలా ఉంది. గొడుగు కిటికీ కింద విప్పినది విప్పినట్టే ఉంది. ఆయన వంగి దాన్ని తీసుకున్నాడు. గుడ్డ పెళుసుగా తగిలింది.

"గాలీ వెలుతురూ వస్తాయాండీ?" అంది కళ్ళజోళ్ళావిడ, గుమ్మంలోంచి.

ఆయన్నే అడిగింది. ఆయన నోరు తెరిచాడు. తన గొంతు కోసం వెతికాడు. దాన్ని ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. ఇక్కడ ఎర్ర దీపం లేదు. ఎంతసేపు ఊరుకున్నా పిల్లనగ్రోవి మోగదు. భార్య వెనకే వచ్చి నిలబడింది. ఆవిడ అనవలసిందంతా అనేసింది.

మేస్త్రి వెన్ను నిటారు చేశాడు. గడ్డం కాస్త పైకెత్తాడు.

"వస్తాయమ్మా," అన్నారు మాస్టారు. "కిటికీ బిగుసుకుంది, అంతే. అటు రెక్క ఎవరైనా పట్టుకుంటే తెరుచుకుంటుంది."

కళ్ళజోళ్ళావిడ కళ్ళు చిట్లించింది. "ఈ గొంతు నేను ఎక్కడో విన్నానండీ!"

"మా వారేలెండి," అంది భార్య.

ఆవిడ మంచం పక్కనుంచి వెళ్ళి అటు రెక్క పట్టుకుంది. ఆయన ఒంటి చేత్తో ఇటు రెక్క లాగాడు. మూడో గుంజుకి కిటికీ కిర్రుమని తెరుచుకుంది. వీధిలో చప్పుడంతా లోపలికొచ్చింది. కళ్ళజోళ్ళావిడ మంచం మీద కూర్చుని, లేచి, సరేనంది. మేస్త్రి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

గొడుగు మాత్రం రెండో చేతిలో అలాగే ఉంది. మడవబోతే ఊచ బిగుసుకుపోయి మడత పడలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో మాస్టారికి కూడా తోచలేదు. ఆయన దాన్ని పట్టుకుని నడవలోకి వచ్చి, పరదాల మధ్య, విప్పిన గొడుగుతో నిలబడ్డాడు.

"కూచోండి," అంది భార్య. "గొడుగు సంగతి తరవాత చూద్దాం."

ఆయన కూర్చున్నాడు.