పంటి గోడకు పట్టు

పైడమ్మ పంటిలో పెట్టిన సిమెంటు ఊడింది ఆమె వల్ల కాదు, మీ వల్ల. ఒక్క డ్రిల్లు ములుకుతో నాలుగు వందల పళ్లు తొలిపించిన జిల్లా స్టోరు బాబుల్లారా, కొత్తది పంపమని కాగితం వచ్చిన ప్రతిసారీ "ఉన్నదానితో సర్దుకోండి" అని రాసి సంతకం గీకిన దొరల్లారా, మీ వల్లే. పైగా ఊడినప్పుడల్లా ఆసుపత్రి పుస్తకంలో "రోగి గట్టి పదార్థం నమిలినందున" అని ముద్ర కొట్టించారు. అందుకే చెబుతున్నాను, వినండి.

ఉదయం ఏడు గంటలకు పైడమ్మ అంబలి తాగుతూ ఉండగా, కుడి దవడ పంటిలో పెట్టిన సిమెంటు లేచి నిలబడుతుంది. అంబలి గట్టి పదార్థం కాదు. సిమెంటు ముక్క ఆమె పెదవి మీదికి వచ్చి, గడ్డం మీదుగా దిగి, గుమ్మం దాటి వీధిలో పడుతుంది. గోధుమ గింజంత ఉంటుంది. నడక మాత్రం పెద్దమనిషిది.

"ఎక్కడికెల్తన్నావు?" అని అడుగుతుంది పైడమ్మ.

"వచ్చిన చోటికి," అంటుంది సిమెంటు ముక్క. "నీ పంటిలో నాకు పట్టు దొరకడం లేదు."

ఇది నాలుగోసారి. మూడోసారికే ఆసుపత్రిలో చెప్పేశారు, ఇంకోసారి ఊడితే పన్ను పీకేయడమేనని. పైడమ్మ తాపీ మేస్త్రి. కంచరవలస మొత్తంలో తాపీ పట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే. గోడ నిలువుగా లేచిందో లేదో చూడటానికి మేస్త్రులు దారానికి కట్టిన ఇనప గుండును వేలాడదీస్తారు. అందరూ ఆ దారాన్ని ఒక చేత్తో పట్టుకుంటారు. పైడమ్మ కుడి దవడ పళ్ల మధ్య కరిచి పట్టుకుని, రెండు చేతులతో పని చేస్తుంది. అలా ఒక చెయ్యి మిగలడం వల్లే మగవాళ్లకంటే ముందు గోడ ముగిస్తుంది. అందుకే ఆమెను పిలుస్తారు. ఆ పన్ను పోతే దారం జారుతుంది. దారం జారితే మళ్లీ ఇసక తట్ట మోయడమే.

కాబట్టి పైడమ్మ సిమెంటు ముక్క వెనకాలే నడుస్తుంది.

ఆసుపత్రిలో పళ్ల గది ముందు బల్లల మీద మనుషులు లేరు. ఊడిపోయిన సిమెంటు ముక్కలు కూర్చుని ఉన్నాయి, నాలుగు వందల పైచిలుకు, ఒక్కొక్కటీ చీటీ పట్టుకుని. కొన్ని నల్లబడ్డాయి. ఒక ముసలి ముక్క తాను ఎవరి నోట్లోంచి వచ్చిందో కూడా మరిచిపోయింది. పైడమ్మది వెళ్లి చివర కూర్చుంటుంది. ఎవరికైనా వరస వరసే.

చీటీలు రాసే సన్యాసిరావు, ముద్ర చేతిలో పట్టుకుని, ఆమెను చూస్తాడు.

"మల్లీ ఒచ్చీసినావా పైడమ్మత్తా? ఈపాలి ఏటి నమిలినావు, పలుగా?"

"అంబలి."

"అంబలికి ముద్ర లేదత్తా మా దగ్గిర. ఉన్నది ఒకటే ముద్ర."

"అయితే నీ ముద్రకి నప్పీలాగ రేపట్నుంచి రాళ్లు తింతాను. జరుగు."

లోపల పళ్ల డాక్టరు సువర్చల డ్రిల్లుకు విసనకర్రతో విసురుతోంది. డ్రిల్లు కొసన వజ్రపు పొడి అద్దిన చిన్న ములుకు ఉంటుంది, పన్ను తొలిచేది అదే. అది కుర్చీ చేతి మీద తల ఆనించి రొప్పుతోంది.

"దానికేటయ్యింది డాక్టరమ్మా?"

"వజ్రం అరిగిపోయింది. ఇప్పుడు కొయ్యడం లేదు, రుద్దుతోంది. ఉద్యోగం మానేస్తానంటోంది. పైకి పదకొండుసార్లు రాశాను."

"నాకు ఆరు పళ్లు దాటితే చూపు ఆనదు," అంటుంది ములుకు. "వీళ్లు తాతల పళ్లతో మొదలుపెట్టించి మనవల దాకా తెచ్చారు."

డాక్టరమ్మ నోరు తెరవమంటుంది. పైడమ్మ తెరుస్తుంది. పంటిలో రంధ్రం వాకిలంత అవుతుంది. లోపల కిటికీ లేని గది. పైడమ్మ చెప్పులు విడిచి, తాపీ చేత పట్టుకుని, తన పంటిలోకి తానే దిగుతుంది. డాక్టరమ్మ తల వంచుకుని వెనకాలే వస్తుంది.

పైడమ్మ ముందుగా గోడను గోటితో గీస్తుంది. ఎవరి గోడకైనా ఆమె చేసే మొదటి పని అదే. గోరు కింద తెల్లటి బురద వస్తుంది, మైదా ఉడకబెట్టినట్టు.

"ఇదేటి?"

"తొలిచినప్పుడు రాలే పంటి పొడి," అంటుంది డాక్టరమ్మ. "తడితో కలిసి గోడకు అంటుకుపోతుంది. ములుకు మొరటుదైతే మందంగా పేరుకుంటుంది. అరిగిందైతే గోడను నలిపి నున్నగా చేస్తుంది. మెరుస్తుంటే బాగుందనుకున్నాం."

"నున్నటి గోడకి పూత ఆగుతాదేటి తల్లీ? నువ్వు సిమెంటు పెట్టింది గోడకి కాదు, దుమ్ముకి. దుమ్ము రాలితే దానెనకాల సిమెంటు రాలదా?"

డాక్టరమ్మ గోడ మీద వేలు రాసి చూస్తుంది. ఇదంతా పుస్తకంలో చదివిందే. గోడను చేత్తో తాకడం మాత్రం ఇదే మొదలు.

"నాలుగు వందల మందిని నేనే తిట్టాను," అంటుంది చివరికి. "నమలడం చేతకాదని."

"తిట్టినావులే. సన్న ములుకు ఏదైనా ఉన్నాదా?"

ఉంది. డాక్టరమ్మ జడలోంచి తీస్తుంది. చదువుకునే రోజుల్లో దాచుకున్నది, ఇంకా ఎవరి పన్నూ చూడనిది. దానికి సిగ్గు. పైడమ్మ కొత్త కూలీలకు చెప్పినట్టే దానికీ చెబుతుంది. "బలం పెట్టకు. గీసుకుంటా పో, గోడే సెప్తాది ఎక్కడ ఆగాలో."

సన్న ములుకు గోడ చుట్టూ తిరుగుతుంది. బురద పలచబడి అసలు గోడ బయటపడుతుంది, సన్నటి రంధ్రాలతో, తేనెపట్టులా. ఒక్కో రంధ్రంలోంచీ ఒక్కో ఊపిరి వస్తోంది. పైడమ్మ కడుగుతుంది. డాక్టరమ్మ గాలి గొట్టం ఎత్తగానే పైడమ్మ ఆమె చెయ్యి పట్టుకుంటుంది.

"మొత్తం ఆరబెట్టకు. ఎండిన గోడ పూతలో నీరు లాగేసుకుంటాది, రేపటికి డొల్ల. సెమ్మ ఉండాల."

"పుస్తకంలో కూడా చెమ్మ ఉంచమనే ఉంది. కారణం వేరు."

"కారనం నీ కాడుంచుకో. సెమ్మ గోడకుంచు."

జిగురు రాస్తారు. గోడ గుటకలు వేస్తూ తాగుతుంది. పైడమ్మ బయటికి కేక వేస్తే ఆమె సిమెంటు ముక్క అనుమానంగా వస్తుంది, గోడకు వీపు ఆనిస్తుంది, అటూ ఇటూ ఊగి చూస్తుంది. సిమెంటును గట్టిపరిచే నీలి దీపం వెలిగి ఆరుతుంది.

"పట్టింది," అంటుంది ముక్క.

ఆ మాట విని బల్లల మీది నాలుగు వందల ముక్కలూ ఒక్కసారి లేచి నిలబడతాయి.

పైడమ్మ పంటిలోంచి బయటికొచ్చి, నడుముకు చుట్టిన గుండు దారం తీసి కరిచి చూస్తుంది. దారం జారదు. గుండు నేల దాకా దిగి, నిలువుగా ఆగుతుంది. అప్పుడు తెలుస్తుంది, వంకరగా ఉన్నది ఆసుపత్రి. ఎన్నేళ్లుగానో స్టోరు వైపు ఒరిగిపోయి, దండం పెడుతున్నట్టు నిలబడి ఉంది.

"తొయ్యండి," అంటుంది పైడమ్మ, దారం వదలకుండా.

సన్యాసిరావు ముద్ర పక్కన పెట్టి భుజం ఆనిస్తాడు. "ఎటేపు అత్తా?"

"నిలువేపు."

సిమెంటు ముక్కలన్నీ పునాది కింద చేరి నెడతాయి. ఆసుపత్రి కీళ్లు విరుచుకుంటూ నిటారుగా లేస్తుంది. లేచాక ఊరుకోదు. డాక్టరమ్మతో, కుర్చీతో, నీలి దీపంతో సహా రోడ్డెక్కి మీ దగ్గరికే నడిచి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను. స్టోరు తాళం తియ్యండి. ప్రతి కుర్చీకీ తొలిచే ములుకూ, గోడ తేల్చే సన్న ములుకూ రెండూ పంపండి. అరిగినదానికి సెలవివ్వండి. ఆ ముద్రను విరిచేయండి. సిమెంటు ఊడిన నాలుగు వందల నోళ్లనూ మీరే వెనక్కి పిలవండి. రేపు కాదు, ఇవాళ. ఆసుపత్రి మీ గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడే ఉంది. దాని పళ్ల మధ్యనుంచి పైడమ్మ దారం వేలాడుతోంది. ఇనప గుండు సరిగ్గా మీ నడినెత్తికి జానెడు ఎత్తున ఆగింది. ఆ గుండు మొనన తెల్లగా, తడిగా, ఒక పాలపన్ను మొలుస్తోంది.