గిన్నెల అలమరలో పుట్టిన ఆట

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఫోన్లో మొగుడి ఇంటర్వ్యూ చూస్తోంది ఆమె. దిమ్మెలు పేర్చి ఇళ్ళు కట్టే వీడియో గేమ్ ఒకటి తయారుచేశారు వాళ్ళిద్దరూ. మూడేళ్ళ కష్టం. ప్రోగ్రాం అతను రాశాడు. అందులోని నూట ఇరవై లెవెళ్ళూ ఆమెవి. ఏ దిమ్మె ముందు పెడితే ఇల్లు నిలుస్తుందో, ఏది పెడితే కూలుతుందో తమ పాప ఆడుకునే చెక్క దిమ్మెలతో వంటింటి గట్టు మీద కట్టి చూసి, గళ్ళ నోట్‌బుక్కుల్లో గీసింది. ఓ కంపెనీ ఆ ఆటను మొన్ననే విడుదల చేసింది. బోలెడు పేరొచ్చింది. పేరంటే, అతనికి.

"ఇంత తమాషా చిక్కులు మీకెలా తడతాయండీ?" అనడిగింది యాంకరమ్మ.

"నేను తిరగేసి ఆలోచిస్తానండీ," అన్నాడు మొగుడు. "ముందు ఇల్లు మొత్తం కట్టేసి, కూలకుండా ఒక్కో దిమ్మే తీసుకుంటూ వస్తాను. ఓ రోజు గిన్నెల అలమర సర్దుతుంటే తట్టింది. అన్నీ బయట పెట్టాక మళ్ళీ లోపల పట్టవే! తీసిన వరస గుర్తుంటే పట్టేవి కదా అనిపించింది."

ఆమె చేతిలో దిండు గలీబు చేతిలోనే ఉండిపోయింది.

గిన్నెల అలమర! పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టని మహానుభావుడు, గరిటెలు ఏ సొరుగులో ఉంటాయో తెలీని మనిషి, అలమర సర్దాడట! అలమర సర్దిన ఆ మధ్యాహ్నం గిన్నెల మధ్య నేల మీద చతికిలబడి, "ఇదిగో, దొరికింది!" అని కేకేసింది తను. "తర్వాత చెబుదువుగానీ, ముందు కాఫీ ఇవ్వు" అన్నాడు అతను. లెవెళ్ళు ఆమెవని చెప్పకపోతే పోనీ, మర్చిపోయాడనుకునేది. ఇది మర్చిపోవడం కాదే! ప్రతి ముక్కా గుర్తుపెట్టుకుని, అందులోంచి ఆమెను లేపేసి, ఆ చోట తను కూర్చున్నాడు. కట్టుకున్నవాడు చేసే ద్రోహం ఇంత నింపాదిగా, ఇంత నవ్వుతూ ఉంటుందని ఆమెకు తెలీదు.

"అబ్బ, ఇంటిపని కూడా చేస్తారా! మీ ఆవిడ ఎంత అదృష్టవంతురాలో!" అని యాంకరమ్మ మురిసిపోయింది. అతను సిగ్గుపడ్డాడు కూడాను.

పక్కనే కూర్చుని చూస్తున్న అత్తగారి మొహం మాడిపోయింది. "ఏమ్మా, వాడిచేత గిన్నెలు సర్దించావా? పగలంతా చచ్చీచెడీ పనిచేసొస్తాడు. ఆ మాత్రం నువ్వు చేసుకోలేవూ?"

ఏడవాలో నవ్వాలో తెలీలేదు ఆమెకు. "మీ అబ్బాయి ఎప్పుడూ సర్దలేదత్తయ్యా."

"అయితే నలుగురి ముందూ వాడు అబద్ధం చెప్పాడంటావా?"

"అవును" అంది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో అతన్ని తప్పుపడుతూ ఆమె అన్న మొదటి మాట అది. బట్టలు అక్కడే వదిలేసి, గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రం అతను హుషారుగా వచ్చాడు. "చూశావా?"

"అలమర సర్దింది నువ్వా?"

"అబ్బా, ఏదో మాటవరసకి అన్నాలే! వాళ్ళకి ఒక్క మనిషి కథే కావాలట. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీదేంటి, నాదేంటి? ఆట చివర్న కుటుంబానికి థాంక్స్ వేశాను కదా." వంగి షూ లేసులు విప్పుకుంటూనే అన్నాడు. "ఇంతకీ రెండో భాగానికి ముందే ఒప్పుకున్న అరవై లెవెళ్ళ కోసం తొందరపెడుతున్నారు. ఎప్పటికిస్తావ్?"

తప్పయిపోయిందంటాడేమోనని ఆ క్షణం దాకా చూసింది. ఎంత సిగ్గులేనిదో ఈ ఆశ!

"అరవయ్యీ అయిపోయాయి" అంది. నిజమే. పెళ్ళిరోజున ఇచ్చి ఆశ్చర్యపరుద్దామని దాచిపెట్టింది.

అతని మొహం చాటంతయింది. "నా బంగారం! ఏవీ?"

"కంపెనీ మేడంకి ఇంటర్వ్యూ చూడగానే ఫోన్ చేశాను. మొదటి నూట ఇరవై గీసిన నోట్‌బుక్కులు కూడా పట్టుకు రమ్మంది. ఎల్లుండి వెళ్తున్నాను. నా పేరు వేస్తేనే ఈ అరవై ఇస్తానని చెప్పాను."

అతను విప్పుతున్న లేసు వదిలేసి లేచాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇంత చేసేముందు నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"ఇప్పుడు చెప్పాను కదా" అంది ఆమె.