పక్క గడిలోని అంకెలు

ఓంప్రకాశ్ ఫోను రిపేరుకు వెళ్లకపోయి ఉంటే ఆ కాగితం కల్పలత చేతికి వచ్చేది కాదు.

అండాశయం క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయినప్పటి నుంచి, రెండేళ్లుగా ఆమె మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి వస్తోంది. సాయంత్రానికి రిపోర్టు భర్త ఓంప్రకాశ్ ఫోనుకు వస్తుంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని అంకె చదువుతాడు. సీఏ 125 అంటారు దాన్ని. ముప్పై అయిదు లోపల ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. దాటితే, కడుపులో ఎక్కడైనా మళ్లీ మొదలైందేమోనని స్కాన్ తీసి వెతకాలి.

ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు స్ట్రెచర్ మీది నుంచే ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. “ఇంట్ల ఇంకేది దాచినా సరే. నా రిపోర్టు మాత్రం నాకు దాచొద్దు.” ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆ రోజు జాకెట్లు కుట్టడానికి ఇవ్వాలని ఆమె రెజిమెంటల్ బజార్‌కు వచ్చింది. ల్యాబ్ రెండు సందుల అవతలే. సాయంత్రం నేను తెస్తాలే అని భర్త అన్నా, ఇంత దూరం వచ్చి ఊరికే పోవడం ఎందుకని తనే వెళ్లింది.

“ఏందక్కా, మీరే వచ్చిన్రు? సార్ రాలేదా?” అంది కౌంటర్‌లో జబీన్. మొదటి నుంచీ కల్పలత రక్తం తీసేది ఆ అమ్మాయే.

“ఆయన ఫోన్‌కు తబియత్ బాలేదు. అడ్మిట్ చేసిన్రు.”

జబీన్ నవ్వుతూ కాగితం అందించింది. కల్పలత నిలబడే చదివింది. ఈసారి ఫలితం తొంభై నాలుగు. పక్క గడిలో పాత ఫలితాలు వరసగా ఉన్నాయి. జులై, అరవై ఒకటి. ఏప్రిల్, ముప్పై తొమ్మిది. జనవరి, పద్నాలుగు.

జులైలో పదమూడు అన్నాడు. ఏప్రిల్‌లో పదిహేను. రెండు తగ్గిందని జులైలో రాంగోపాల్‌పేట్ నుంచి జిలేబీ కూడా తెచ్చాడు.

“జబీన్, ఈ పాతవి వేరేవాళ్లవి గిట్ల పడ్డయా?”

“లేదక్కా, మీ పేరు మీదియే. సార్ ఫోన్‌కు పంపినయి సుత గివే కదా.” అని, ఆమె ముఖం చూసి ఆ పిల్ల గొంతు తగ్గించింది. “జెర కూసోండి అక్కా. నీళ్లు తెస్తా.”

ఆమె కూర్చోలేదు. ఆటో ఎక్కి అల్వాల్‌లోని ఇంటికి వచ్చేసింది. సెలవు కావడంతో ఓంప్రకాశ్ ఇంట్లోనే పేపరు పరుచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

“జులైల ఎంత ఉండె?” అని అడిగింది.

“పదమూడు గదా.”

కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

“పాతవి సుత అచ్చు పడ్తయని యాదికి లేదు” అన్నాడు.

ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. తప్పు చేశాననలేదు. ఎక్కడ దొరికిపోయాడో చెప్పాడు.

“స్కాన్‌ల ఏం లేదు లతా. జులైల తీయించినం గదా. నంబర్ ఒక్కటే చూసి మందు షురూ చెయ్యం, కొన్నాళ్లు చూద్దామన్నడు డాక్టర్ సాబ్. చేసేదే లేనప్పుడు నిన్నెందుకు పరేషాన్ చెయ్యాలె? పరీక్ష అంటేనే రెండు రోజులు అన్నం ముట్టవు.”

ఏటా తీసే స్కానే అని ఆయన చెబితే నమ్మి వెళ్లింది. సూది మందు ఎక్కించి, దుప్పటి కప్పి, గంటసేపు కదలకుండా పడుకోమన్నారు. గోడకు అవతల ఆయన ఆ అరవై ఒకటిని దగ్గర పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. బయటికి రాగానే ఆకలేస్తోందా అని కూడా అడిగాడు.

“సృజనకు తెలుసా?”

పుణెలో ఉద్యోగం చేస్తున్న కూతురి పేరు వినగానే ఆయన మళ్లీ చిక్కుడుకాయ అందుకున్నాడు. అదే జవాబు.

“ఇద్దరు కలిసి నాకు పదమూడు అని నమ్మిచ్చిన్రు” అంది. “నేను దాన్ని పట్టుకపోయి ఫెయిత్‌కు చెప్పిన.”

ఫెయిత్ ఆమెకు కీమో కుర్చీల్లో దొరికిన స్నేహితురాలు. అదే జబ్బు, అదే మందు, పక్క పక్క కుర్చీలు. ప్రతి పరీక్ష తర్వాతా ఇద్దరూ అంకెలు చెప్పుకునేవారు. జులైలో ఫెయిత్‌ది పెరిగింది. “నాది చూడు, పదమూడే. నీది సుత దిగుతది, ఊకె ఆలోచించకు” అంది కల్పలత ఫోనులో, వంకాయలు తరుగుతూ. ఆ తర్వాత ఫెయిత్ ఫోన్ చేయలేదు. ఏదో పనుల్లో ఉండి ఉంటుందనుకుంది.

అక్కడే, ఆయన ఎదురుగానే, ఫోన్ చేసింది.

“చెప్పక్కా” అంది ఫెయిత్, ముక్తసరిగా.

“జులైల నాది పదమూడు కాదట. అరవై ఒకటట. నాకు ఇయ్యాలనే తెలిసింది.”

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

“నాది అప్పుడు డెబ్బై ఉండె. నువ్వు పదమూడు అంటుంటే నీ మీద మస్తు కోపమొచ్చిందక్కా. నాకొక్కదానికే గిట్లయితుందనుకున్న. అందుకే ఫోన్ చేస్తలేను.” కాస్త ఆగి అడిగింది, “ఇప్పుడెంత?”

“తొంభై నాలుగు.”

“తిన్నవా?”

“లేదు.”

“జెర ఏమన్న తిను. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?”

“గురువారం పోదామనుకుంటున్న.”

“నేను వస్తా.”

ఫోన్ పెట్టేసి కల్పలత కాగితాన్ని మడిచి తన సంచిలో వేసుకుంది. ఓంప్రకాశ్ లేచి నిలబడ్డాడు. ఒళ్లో ఉన్న ఈనెలన్నీ నేల మీద పడ్డాయి.

“గురువారం ఆఫీస్‌కు లీవ్ పెడ్త. నేను సుత వస్త.”

“రండి” అంది. “బయట కూసోండి. లోపలికి ఫెయిత్ వస్తది.”