తట్ట ఎక్కనివ్వని బస్సు

ఇంగ్లీషు లెక్చరర్ మోహనకృష్ణ ఈ ఏడాది పాఠాలను తెరమీదికి తెచ్చాడు. పిల్లలే గుంపులుగా కంప్యూటర్లో ఇంగ్లీషు కథలు రాస్తారు. కథ మలుపు దగ్గర ఆగి రెండు దారులు చూపిస్తుంది. వినేవాళ్లలో ఎక్కువమంది దేనికి చేతులెత్తితే కథ అటు వెళ్తుంది.

శ్రీకాకుళంలో జరిగే పోటీకి నరేష్ గుంపు రాసిన కథ ఎంపికైంది. వేదిక మీద చదివే అవకాశం కుమారికి వచ్చింది. క్లాసులో అంత స్పష్టంగా ఇంగ్లీషు పలికేవాళ్లు లేరు. ఎండుచేపలమ్మే ఆమె తల్లి దేముడమ్మ ఆ సంగతి అప్పుడే తమ ఊరు భావనపాడంతా చెప్పేసింది.

క్లాసులో కుమారి కంప్యూటర్లో ఆ కథ తెరిచింది. చేపల కంపు కొట్టే పిల్ల ఒకతె, తల్లి తట్ట మోసుకుంటూ కాలేజీ బస్సెక్కుతుంది. అందరూ ముక్కు మూసుకుంటారు.

"సార్, ఇది నా మీదే రాసినారు."

"అది ఉత్త కల్పనే అమ్మా," అన్నాడు మోహనకృష్ణ. "ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు సూడు. నీకిష్టం లేదంటే మన క్లాసు షీబా సదువుతాది."

వెనక బెంచీలోంచి నరేష్ అందుకున్నాడు. "షీబా సదివితే ఏటి బాగుంటాది సార్? వాసన రావాల కదా."

మోహనకృష్ణ నవ్వు దాచుకోవడానికి బోర్డువైపు తిరిగాడు.

ఇంటి దగ్గర కుమారి తల్లితో అంది, "నువ్వు రావద్దమ్మా. నీకేటీ అర్థమవదు."

"అర్థమవ్వాలేటే? నా కూతురు మైకులో ఇంగ్లీసు మాటాడతాది. నేను సూడాల. ఆ రోజు తట్ట ఎత్తను."

చదవనంటే ఎందుకో అమ్మకు చెప్పాలి. అది చెప్పలేకే కుమారి చదవడానికి ఒప్పుకుంది.

పోటీ రోజు దేముడమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ముందు వరసలో షీబా పక్కన కూర్చుంది. కుమారి ఎక్కడా తడబడలేదు. హాలు నవ్వితే దేముడమ్మ కూడా నవ్వింది. షీబాను మోచేత్తో పొడిచి, "నా కూతురే," అంది.

మలుపు వచ్చింది. పిల్లను కూర్చోనివ్వాలా, బస్సులోంచి దించేయాలా? కుమారి ఇంగ్లీషులో అడిగింది. కూర్చోనివ్వమని అక్కడక్కడా చేతులు లేచి దిగిపోయాయి. దించేయమనేసరికి హాలంతా చేతులెత్తింది.

"ఏటమ్మా, నేనూ ఎత్తాలా?"

"ఎత్తండి పిన్నీ," అంది షీబా.

కూతురికి కనబడాలని దేముడమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తింది. కుమారి తల్లివైపే చూస్తోంది. దేముడమ్మ చేతులు ఇంకా పైకి చాచింది.

కుమారి దించేసే దారికి మీట నొక్కింది. తరవాతి పేజీ కూడా తడబడకుండా చదివింది.